శంకర్‌పల్లి: టమాటా తోటల మధ్య ఓ సైన్స్ సభ

శంకర్‌పల్లి అనగానే మీకేం గుర్తొస్తుంది? ఫామ్‌హౌసులు, రిసార్టులు, ఆదివారం బైక్ రైడ్, రోడ్డు పొడవునా ప్లాట్ల హోర్డింగులు... నాకూ అంతే. మొన్నటి డిసెంబరులో మాత్రం వేరే పని మీద వెళ్లాల్సి వచ్చింది.

మా చిన్నమ్మ కొడుకు బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. అటువైపు ఓ కాలేజీలో వాళ్ల సదస్సు. వీడు నిర్వాహకుల్లో ఒకడు. "అక్కా, మనుషులు సరిపోవట్లేదు. రెండ్రోజులు వచ్చి సాయం చెయ్యవా?" అని ఫోన్. "మీ సైన్స్ నాకేం తెలుసురా?" అన్నాను. "బ్యాడ్జీలకు తాళ్లు కట్టడానికి సైన్స్ ఎందుకక్కా!" అన్నాడు. అలా బయల్దేరాను.

పట్టీలే పిరం

కారులో అయితే నార్సింగి, గండిపేట మీదుగా శంకర్‌పల్లి రోడ్డు. నేను మాత్రం లింగంపల్లిలో వికారాబాద్ వైపు వెళ్లే రైలెక్కాను. ఈ దారి ఇవాళ్టిది కాదు. నిజాం కాలంలో, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన లైను. తెల్లాపూర్ దాటే దాకా కిటికీ నిండా టవర్లే. నాగులపల్లి వచ్చేసరికి ఆకాశం కాస్త కనబడుతుంది. శంకర్‌పల్లిలో దిగేసరికి చలిగాలి, టీ బండి, ఆటోలు.

"ఆ కాలేజీల ఏమన్న ఫంక్షనా అక్కా? పొద్దటి సంది ముగ్గుర్ని దించిన" అన్నాడు ఆటో తమ్ముడు.

"ఫంక్షన్ కాదు. ఒంటికి పనికొచ్చే మిషన్ల మీద మీటింగ్. బీపీ మిషన్లు, షుగర్ మిషన్లు, స్కానింగులు... అలాంటివి తయారుచేసేవాళ్లంతా కలుస్తారు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా అమ్మకు షుగర్ మిషన్ తెచ్చిన. మిషన్ అగ్గువకే వచ్చింది. పట్టీలే పిరం. గందుకే దాన్ని అల్మారిల పెట్టినం. ఈ ముచ్చట గూడ చెప్పున్రి ఆళ్లకు."

రెండ్రోజుల సదస్సులో ఇంతకంటే సూటిగా మాట్లాడినవాళ్లు తక్కువే.

ఈ నేలకు ఆ పనికి ఏంటి సంబంధం?

పొలాల మధ్య ఈ సభేంటి అని మొదట నాకూ అనిపించింది. చుట్టుపక్కల ఏమున్నాయో చూశాక ఆ అనుమానం పోయింది.

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ మండలాలకు చాలాకాలం 111 జీవో అడ్డుకట్ట ఉండేది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల్ని కాపాడ్డానికి 1996లో తెచ్చారు. 84 గ్రామాల్లో పెద్ద పెద్ద కట్టడాలు వద్దన్నారు. అందుకే నగరం ఇంత దగ్గరున్నా కూరగాయల తోటలు, పూల తోటలు చాలావరకు మిగిలాయి. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. హోర్డింగుల సందడి మీరు చూస్తున్నదే.

శంకర్‌పల్లి మండలంలోనే కొండకల్ దగ్గర 2023లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ మొదలైంది. ఉత్తరంగా కొద్ది దూరం వెళితే ఎద్దుమైలారం. అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి 'శరత్' యుద్ధ వాహనాలు తయారవుతాయి. ఐఐటీ హైదరాబాద్ 2008లో పుట్టింది ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే, తాత్కాలిక భవనాల్లో. తర్వాతే కందిలోని సొంత క్యాంపస్‌కు మారింది. ఇప్పుడక్కడ బయోమెడికల్ ఇంజినీరింగ్‌కు ఒక విభాగమే ఉంది.

2020లో కరోనా వచ్చినప్పుడు 'జీవన్ లైట్' అనే చిన్న వెంటిలేటర్ అక్కడి స్టార్టప్‌దే. కరెంటు పోయినా బ్యాటరీతో నడుస్తుంది. 2022లో ఐఐటీ హైదరాబాద్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియా తయారుచేసి, కుందేలు కంటికి అమర్చి చూశాయి. కంటి డాక్టరు, ఇంజినీరు, కణాల శాస్త్రవేత్త ముగ్గురూ ఉంటేనే అది అయ్యే పని. ఒక్కరితో కాదు.

మా వాడు చెప్పిందీ అదే. "మా ఫీల్డ్‌లో ఎవడూ ఒక్కడే ఏం పీకలేడక్కా. డాక్టర్‌కి సర్క్యూట్ తెలీదు. మాకు పేషెంట్ తెలీదు. కలవకపోతే ఎవడి గదిలో వాడే."

సదస్సంటే సగం కుర్చీల పని

బయట నుంచి చూస్తే సదస్సంటే దీపం వెలిగించడం, శాలువాలు, గ్రూప్ ఫొటో. లోపల ఏముంటుందో ఈసారే తెలిసింది. నెలల ముందే పేపర్లు పిలవాలి. ఒక్కోదాన్ని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపి అభిప్రాయం తెప్పించాలి. కాపీ కొట్టారేమో సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. బాగాలేనివాటికి బాధపడకుండా 'నో' రాయాలి. ఆ తర్వాత బస్సులు, భోజనాలు, పోస్టర్ బోర్డులు, సర్టిఫికెట్లలో పేర్ల తప్పులు. ఇదంతా చేసేది ఎవరనుకున్నారు? పీహెచ్‌డీ పిల్లలే. వాళ్ల సొంత ప్రయోగాలు ఆ నెలంతా మూలన పడతాయి.

అన్నిటికంటే కష్టమైంది డాక్టర్లను రప్పించడం. పిలిచినవాళ్లలో ఇద్దరు ముందురోజు సాయంత్రం "ఓపీ ఉంది, రాలేం" అని మెసేజ్ పెట్టారు. తప్పని ఎలా అంటాం? బయట రోగులు కూర్చుని ఉంటారు. కానీ మా వాడి మొహం వాడిపోయింది. "డాక్టర్లు లేకపోతే మాకు మేమే చప్పట్లు కొట్టుకుని పోవాలక్కా" అన్నాడు.

అప్పుడే వాళ్ల గ్రూపులో ఒకమ్మాయికి ఆలోచన వచ్చింది. పెద్ద డాక్టర్లు రాకపోతే, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఏఎన్ఎం సిస్టర్లను, ఆశాలను పిలుద్దాం. ఈ మిషన్లు రోజూ వాడేది వాళ్లే కదా! రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు మొదలయ్యాయి.

మర్రిచెట్ల కింద

ఆ సాయంత్రం వేదికకు పూలు కావాలని నన్నూ, మా వాడినీ బండి మీద చేవెళ్ల వైపు పంపారు. మీరు వెళ్లకపోతే ఒకసారి వెళ్లండి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాటేదాకా, బీజాపూర్ రోడ్డుకు రెండువైపులా మర్రిచెట్లు. మొత్తం తొమ్మిది వందల దాకా ఉంటాయి. రోడ్డు వెడల్పు చేస్తే అవి పోతాయని కొందరు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఇరుకు రోడ్డు మీద ప్రమాదాల భయం మరోవైపు. రెండు బాధలూ నిజమే.

చామంతి తోట పక్కనే టమాటా తోట. నలుగురైదుగురు ఆడవాళ్లు కాయలు తెంపి పెట్టెల్లో నింపుతున్నారు. ఒకావిడ నా చేతిలో రెండు కాయలు పెట్టింది. ఆమె వేళ్లు ఆకుపచ్చా నలుపూ కలిసిన రంగులో ఉన్నాయి. "టమాట చెట్టు పసరు. కడిగినా పోదు" అని నవ్వింది. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

కలాం మోసిన బరువు

వచ్చే దారిలో మా వాడు ఓ కథ చెప్పాడు. వాళ్ల క్లాసులో అందరికీ తెలిసినదేనట.

అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో అగ్ని క్షిపణి మీద పనిచేస్తున్న రోజులు. నిమ్స్‌కు చెందిన ఒక ఎముకల డాక్టర్ ఆయన ల్యాబ్ చూడ్డానికి వచ్చి, క్షిపణికి వాడే పదార్థం చేత్తో ఎత్తి చూశాడు. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లాడు. అక్కడ పిల్లలు కాళ్లకు మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప కాలిపర్లు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తర్వాత గుండె డాక్టర్ సోమరాజుతో కలిసి తక్కువ ధర స్టెంటు కూడా చేశారు. 'కలాం-రాజు స్టెంట్' అంటారు దాన్ని.

"ఇందులో గొప్పేంటో తెలుసా అక్కా? ఆ పదార్థం ముందే ఉంది. పిల్లల కష్టం కూడా ముందే ఉంది. ఒక డాక్టర్ ల్యాబ్‌కి రావడం, ఒక ఇంజినీర్ వార్డుకి పోవడం. అంతే లేనిది."

"ఎవరి మీద చూసినవ్ తమ్మీ?"

రెండోరోజు పొద్దున పోస్టర్ల హాల్లో ఆరుగురు వచ్చారు. ఇద్దరు సిస్టర్లు, నలుగురు ఆశాలు. మొదట గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఇంగ్లిష్ పోస్టర్లు చూసి కాస్త బెరుకు. టీ ఇచ్చాక లోపలికొచ్చారు.

మా వాడిది వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్. కరోనా టైంలో మనందరి ఇళ్లలోకీ వచ్చిందే. ఎర్ర కాంతి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేలిలోంచి పంపుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఆ రెండిటినీ వేరువేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడా లెక్కగట్టి నంబర్ చూపిస్తుంది. 1970ల్లో జపాన్ ఇంజినీర్ టకువో అయోయాగి కనిపెట్టిన సూత్రమిది. దాన్నే తక్కువ ఖర్చుతో చేశాడు మా వాడు. మూడేళ్ల పని.

పెద్ద సిస్టర్ అంతా విని అడిగింది: "ఎవరి మీద చూసినవ్ తమ్మీ?"

"మా క్యాంపస్‌లోనే మేడమ్. నలభై మంది మీద."

"అంటే అందరు సదువుకునే పోరగాండ్లేనా?"

వాడు తలూపాడు. ఆమె పక్కనున్న ఆశాను పిలిచింది. "నీ చెయ్యి పెట్టు." ఆమె పొద్దున్నే సొంత చేన్లో టమాటా తెంపి వచ్చింది. నిన్న నేను చూసిన అదే రంగు వేళ్లు. గోళ్లకు గోరింటాకు. చలికి చేతులు చల్లగా ఉన్నాయి. క్లిప్ పెడితే మొదట గీతలు, తర్వాత 88. మనిషేమో హాయిగా నవ్వుతూ నిలబడింది.

సిస్టర్ ఆమె చేయి కడిగించి, బాగా రుద్ది, ఇంకో వేలికి పెట్టింది. 97.

"మాకిది రోజూ ఉండేదే. చెయ్యి వెచ్చగ చేసి పెడ్తం. కానీ కొత్తగ డ్యూటీకొచ్చిన పిల్ల 88 చూసి భయపడి 108కు ఫోన్ జేస్తది. గది జేస్తే పర్వాలే. మనిషికి నిజంగ పాణం మీదికొస్తే, మిషన్ మంచిగున్నదంటే ఏం జెయ్యాలె?"

ఆ మాట ఊరికే అన్నది కాదు. 2020 డిసెంబరులో అమెరికా డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాసింది ఇదే. అక్కడి ఆసుపత్రుల్లో రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా మీటరు 'బాగుంది' అని చూపించడం, తెల్లవాళ్ల కంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఒంటి రంగు కూడా కాంతిని పీల్చుకుంటుంది మరి. ఒక రకం మనుషుల మీదే చూసుకుని మిషన్ చేస్తే, మిగతావాళ్ల దగ్గర అది ధైర్యంగా అబద్ధం చెబుతుంది.

బోర్డు మీద ఓ తెల్ల కాగితం

మధ్యాహ్నం పోస్టర్లకు మార్కులు. మొదటి బహుమతి వస్తే వాడికి పేరు, ముందు ముందు ఫండింగ్‌కీ పనికొస్తుంది. పక్క ల్యాబ్ మిత్రుడు మెల్లగా అన్నాడు: "జడ్జీలు చూడలేదుగా, వదిలెయ్ మామా."

మా వాడు భోజనానికి రాలేదు. వెళ్లి చూస్తే, నేను బ్యాడ్జీల కోసం తెచ్చిన మార్కర్‌తో తెల్ల కాగితం మీద ఏదో రాస్తున్నాడు. దాన్ని ఫలితాల గ్రాఫు కిందే అంటించాడు. ఇంగ్లిష్‌లో రాసి, కింద తెలుగులో కూడా: 'పొలం పనిచేసే చేతుల మీద, చలిలో, గోరింటాకు ఉన్న గోళ్ల మీద ఇంకా పరీక్షించలేదు.'

బహుమతి రాలేదు. ఆ కాగితం వల్లేనా అంటే నాకు తెలీదు. ఆ మాట వాడూ ఎత్తలేదు.

సాయంత్రం సిస్టర్లు వెళ్లేటప్పుడు గేటు దాకా వెళ్లి అడిగాడు. "మేడమ్, మీ సెంటర్‌కొచ్చి చూడొచ్చా? కానీ ముందు ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకోవాలి. నెలలు పడుతుంది."

"ఎప్పుడన్న రా తమ్మీ. గీ చేతులు యాడికి పోతయ్!" అంది పెద్ద సిస్టర్.

తిరుగు రైలుకు స్టేషన్‌కు వెళ్తుంటే ముందు టమాటా పెట్టెలు వేసుకున్న ట్రాలీ ఆటో పోతోంది, నగరం వైపు. నా చేతులు చూసుకున్నాను. బ్యాడ్జీల తాళ్లు కట్టీ కట్టీ వేళ్లకు నీలం రంగు అంటింది. ఇంటికెళ్లి కడిగితే పోయింది.

మీ ఇంట్లో ఆ క్లిప్ మీటర్ ఇంకా ఉండే ఉంటుంది. ఈసారి అమ్మకో నానమ్మకో పెట్టేముందు చేయి కడిగి, కాస్త వెచ్చగా రుద్ది పెట్టండి. నంబర్‌తో పాటు మనిషి మొహం కూడా చూడండి. ఆయాసం కనబడితే నంబర్ ఎంతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.