శాలిబండలో తేనీరు



పరదేశమనగా సముద్రము దాటియే యుండవలెనని లేదు. ఇరుగుపొరుగువారి మాట యర్థముకాని చోటు ఎవ్వరికైనను పరదేశమే. తెనాలి చెంత నొక పల్లెలో పుట్టి పెరిగిన నేను, 2006వ సంవత్సరమున మావారి యుద్యోగమునుబట్టి హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండకు కాపురము వచ్చినప్పుడు నాకట్లే తోచినది. చార్మినారునుండి దక్షిణముగా అలియాబాదు వైపు పోవు త్రోవలో, గడియార స్తంభమునకు సమీపమున, ఒక సందులో మేడమీది రెండు గదులు మాకు దొరికినవి. షా అలీ బండ యను పేరు జనుల నాలుకపై నలిగి శాలిబండ యైనది. లాల్ దర్వాజా బోనాల డప్పులును, మసీదుల అజానును ఒక్క గాలిలో వినవచ్చు పేట యది. పాలవాడు, కూరలవాడు, ఆటోవాడు అందరును దక్కనీ యుర్దూలోనే మాటాడుదురు. నాకు వచ్చిన యుర్దూ ‘కిత్నా’ యను నొక్కమాట. ధర యడుగుట తెలియును గాని, వారు చెప్పిన ధర తెలియదు!

మా సందు మొదట, మూలమీద, ఒక ఇరానీ హోటలుండెను. హోటలన్నంత మాత్రమున బసచేయుటకు గదులుండునని తలపవలదు. పాలరాతి బల్లలు, కొయ్య కుర్చీలు, గుమ్మముకడ గల్లాపెట్టె, ఎడతెగని కప్పుల చప్పుడు, ఇంతియే. ప్రొద్దు పొడువకమునుపే తెరచి రాత్రి చాల ప్రొద్దుపోవువరకు మూయరు. సంచి పట్టుకొని బజారునకు పోవునప్పుడెల్ల నేను దాని ముందు నడక తొందరచేయుచుంటిని. లోపల నున్నవారందరును మగవారే. అచ్చట ఆడది కూర్చుండవచ్చునా యను ప్రశ్నయే నాకు పుట్టలేదు.

2008లో మా మామగారు కాలము చేసిరి. అత్తగారిని మా యింటికి తీసికొని వచ్చితిమి. ఏబదియేండ్లు పాడితో, పంటతో, వచ్చిపోవు జనముతో బ్రతికిన మనిషి, ఈ రెండు గదులలో కిటికీకడ కూర్చుండి సందులోనికి చూచుచుండెడిది. అన్నము రెండు ముద్దలు తిని లేచెడిది. “ఏమి అత్తయ్యగారూ, ఒంట్లో బాగులేదా?” యని యడిగిన, “నాకు పనియేమున్నదే అమ్మాయీ, ఆకలి వేయుటకు?” అనెడిది. ఆ మాట నా గుండెలో ముల్లువలె నుండిపోయినది.

ఒకనాడు ఆమెను కంటివైద్యునికి చూపించి తిరిగి వచ్చుచుండగా కుండపోతగా వాన పట్టినది. ఆటో దిగి పది యడుగులు నడచునప్పటికి సందులో మోకాలిబంటి నీరు. ఆమె చలికి వణకుచుండెను. తలదాచుకొనుటకు ఆ మూల హోటలు తప్ప వేరొక చోటు లేదు. మేము గుమ్మముకడ నిలిచియుండగా, పనిచేయు కుఱ్ఱవాడు మమ్ము చూచి, ఏమియు నడుగక, ప్రక్కనున్న తెర యెత్తి, “అందర్ ఆవో అమ్మా” అని పిలిచెను. అది ఆడవారికిని కుటుంబములకును వేరుచేసిన గది. రెండేండ్లుగా దాని ముందునుండి పోవుచున్నను, అట్టి గది యొకటి కలదని నేనెరుగను.

రెండు కప్పుల తేనీరు వచ్చినది. అత్తగారు దానివంక చూచి ఊరకుండెను. పొరుగువారింట మంచినీళ్లయినను ముట్టని మనిషి. నేను బలవంతపెట్టలేదు. కొంతసేపటికి ఆమె, “ఈ కప్పులు కడుగుదురా?” యని యడిగెను. కుఱ్ఱవానికి తెలుగు కొంచెము తెలియును కాబోలు, లోపలికి పోయి, పొగలు గ్రక్కు వేడినీటి పాత్రను తెచ్చి, మా యెదుటనే వేరొక కప్పును ముంచి తీసి, క్రొత్తగా తేనీరు పోసి పెట్టెను. ముఖమున విసుగు లేదు. ఆమె దానిని సాసరులో వంచుకొని ఒక గ్రుక్క త్రాగినది. కన్నులు మూసికొన్నది. తరువాత నన్నిన మాట నేనెన్నటికిని మరువను.

“అమ్మాయీ, ఇవి దాలి పాలే!”

పల్లె సోదరీమణులకు దాలి యనగా చెప్పనక్కరలేదు. నేలలో గుంటచేసి, పిడకల నిప్పు కప్పిపెట్టి, దానిపై పాలకుండ నుంచిన, ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు పాలు సన్నని సెగపై కాగి, చిక్కబడి, ఎఱ్ఱని మీగడ కట్టును. అత్తగారి చేతిమీదుగా నట్లు కాగిన కుండలెన్నియో! ఆనాడామె లేచి, తెరకావలనున్న పొయ్యివైపు తొంగిచూచి, పాలు ఎన్ని గంటలు కాచుదురో, అడుగంటకుండ నేమిచేయుదురో నా చేత అడిగించెను. వచ్చీరాని మాటలతో నేనడిగితిని. ఆ పొయ్యికాడి ముసలివాడు చేతులతో చూపి చెప్పెను. పాలు వేరు, ఆకునీరు వేరు. పాలు గంటలకొలది మరుగుచుండును. ఆకునీటిని మూతపెట్టి, ఆవిరి పోకుండ గుడ్డతో బిగించి, దమ్ము పట్టించుదురు. కప్పులో మొదట నీరును, పైన పాలును పోయుదురు. నెలల తరువాత ఆమె ముఖమున వెలుగు చూచితిని.

సాయంకాలము మావారు విని చిన్నబుచ్చుకొనిరి. “అమ్మను అచ్చటికి తీసికొని పోయితివా? నలుగురు చూచిన నేమందురు?” అనిరి. నేను మాటాడకముందే అత్తగారు, “ఆ నలుగురును లోపలనే కూర్చుండి తేనీరు త్రాగుచున్నారు నాయనా” యనెను. మావారికి నవ్వు రాక తప్పలేదు.

అది మొదలు వారమున కొక్కసారి మేమిద్దరమును ఆ తెరవెనుక కూర్చుండుట వాడుకయైనది. తేనీటితో ఉస్మానియా బిస్కట్టు తెప్పించుకొనెడివారము. కొంచెము తీపి, కొంచెము ఉప్పు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను పేరు మోయునది. అచ్చటికి వచ్చు ఆడవారితో పలుకరింపులు కలిగినవి. నా యుర్దూ అచ్చటనే పెరిగినది. అత్తగారు యుర్దూ నేర్వకయే వారితో బిడ్డల దగ్గులకు కషాయములు చెప్పుచుండెడిది!

ఈ హోటళ్ల పుట్టుపూర్వోత్తరములను నేను తరువాత తెలిసికొంటిని. పందొమ్మిదవ శతాబ్దము చివరను, ఇరువదవ శతాబ్దము మొదటను, ఇరాను దేశములోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతములనుండి పలువురు బ్రతుకుతెరువు వెదకికొనుచు బొంబాయికి వచ్చిరి. వారిలో కొందరు పూనాకును, హైదరాబాదునకును చేరి తేనీటి దుకాణములు పెట్టిరి. అనగా ఆ పాలరాతి బల్లలు వేసినవారును మావలెనే పరదేశమునకు వచ్చినవారే. తమకు చోటు లేని యూర, పదిమందికి కూర్చుండు చోటు కల్పించిరి.

ఆడువారికి కూర్చుండు చోటు చిన్న సంగతియని తలపవలదు. లండను నగరమున పదునేడవ శతాబ్దమున వెలసిన కాఫీ గృహములు మగవారి సభలు. అచ్చటనే 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీవారు తేనీటి దుకాణము తెరచిన పిమ్మట, 1894లో లయన్సువారి దుకాణము మొదలైన పిమ్మట, మగతోడు లేని స్త్రీ ఒంటరిగా కూర్చుండి కప్పు తేనీరు త్రాగుటకు గౌరవమైన చోటు దొరికినది. మా తెరచాటు గది అంతటి విశాలమైనది కాదు. తెర యేల యని నేడు మా యమ్మాయి యడుగును, అడుగవలసినదే. చార్మినారు ప్రక్కనున్న నిమ్రా యెదుట నేడామె స్నేహితురాండ్రతో నిలువబడి, ఎట్టి తెరయు లేక తేనీరు త్రాగివచ్చును. కాని ఆనాడు మాకు ఆ తెరయే తలుపైనది.

ఇంటియందు చేసికొన గోరువారికై అత్తగారు కుదిర్చిన పాళ్లు వ్రాయుచున్నాను. నలుగురికి అరలీటరు చిక్కని పాలు తీసికొని, సన్నని సెగపై కలియబెట్టుచు, మూడవవంతు ఇంకువరకు కాచవలెను. వేరొక దళసరి గిన్నెలో రెండు గ్లాసుల నీరు, నాలుగు చెంచాల తేయాకుపొడి, నాలుగు చెంచాల చక్కెర వేసి, మూత అంచునకు తడిపిన గోధుమపిండి మెత్తి, మిక్కిలి సన్నని సెగపై ఇరువదియైదు నిమిషములుంచవలెను. మూత తీయునప్పుడు ముఖము దూరముగా నుంచుకొనుడు, ఆవిరి కాల్చును. వడగట్టిన నీరు సగము కప్పు పోసి, పైన పాలు పోయవలెను. అల్లము, ఏలకులు వేయరాదు. వేసిన అది వేరొక తేనీరగును.

2015లో అత్తగారు పరమపదించిరి. ఆ మూల హోటలును ఇప్పుడు లేదు. అచ్చట సెల్‌ఫోనుల దుకాణము వచ్చినది. అద్దెలు పెరిగి, వారసులు వేరు పనులకు పోయి, ఇట్టివి నగరమున చాల మూతపడినవి. మిగిలినవి మిగిలియుండగనే చూడుడు. మీ యింట కిటికీకడ కూర్చుండి సందులోనికి చూచుచుండు పెద్దవారుండిన, వారిని వెంటబెట్టుకొని పొండు. వారికి మందు కావలెనో, మాటాడుకొనుటకు నాలుగుగోడల కావల ఒక బల్ల కావలెనో, మనకు ముందుగా తెలియదు. నాకును తెలియలేదు, వాన తెలిపినది.