ఆ రోజు ఆమెకి సెలవు లేదా?

నాటక సాహిత్యం పేపరు చెప్పినన్నాళ్ళూ, సురభి నాటకాల దగ్గరికి రాగానే పుస్తకం మూసేసేదాన్ని. ఇక ఆ గంటంతా కబుర్లే. కడప జిల్లాలో సురభి అనే పల్లె, 1885లో అక్కడ ఓ పెళ్ళిలో ఆడిన కీచకవధ, వనారస గోవిందరావు, తోలుబొమ్మలాట నుంచి వచ్చి తామే వేషాలు కట్టిన కుటుంబాలు... అన్నీ చెప్పి, చివరికి సురభి కమలాబాయి పుట్టుక కథ ఎత్తుకునేదాన్ని.

మీలో చాలామందికి తెలిసిన కథే. 1907లో ఆమె తల్లి వెంకూబాయి నిండు గర్భంతో దమయంతి వేషం వేసిందట. ఆట మధ్యలో నొప్పులొచ్చాయట. జనం అదీ నటనే అనుకుని మైమరచి చూస్తున్నారట. పాప రంగస్థలం మీదే పుట్టిందట. సంగతి తెలిశాక డబ్బులూ కానుకలూ కురిపించారట. ఆ పాపే పెద్దయి మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి అయింది! పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. సరిగ్గా గంట కొట్టేవేళకి పాప పుట్టేలా కథ నడపడం నాకు బాగా అలవాటైపోయింది.

ఓ ఏడాది చివరి బెంచీ నుంచి ఓ అమ్మాయి లేచింది. "ఆ రోజు ఆమెకి సెలవు లేదా మేడమ్?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "నాటకాల వాళ్ళకి సెలవులేమిటమ్మా" అన్నాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా కూర్చుంది. సెలవుల్లో వాళ్ళమ్మతో పాటు పత్తి తీయడానికి పోయే పిల్ల అని తర్వాత తెలిసింది.

ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఎందుకంటే అలాంటి కథ నాకూ ఒకటుంది.

1994లో నేనొక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేదాన్ని. రాని రోజుకి డబ్బు లేదు. నెలలు నిండుతున్నా మానలేదు. మానేస్తే ఇంకొకరిని చూసుకుంటామని ముందే చెప్పారు. ఆ రోజు బోర్డు మీద ఉత్పలమాలకి గణవిభజన చేస్తున్నాను. 'భరన' దాకా వచ్చాక నడుములోంచి నొప్పి మొదలైంది. బల్ల పట్టుకుని నిలబడి, మిగిలిన గణాలు పిల్లల చేత చెప్పించి, గంట కొట్టాకే బయటికొచ్చాను. రాత్రికి పాప పుట్టింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మా మరిది ఆ కథ ఎత్తుతాడు. "మా వదిన చాక్‌పీసు చేత్తో పట్టుకునే ప్రసవానికి వెళ్ళింది!" అందరూ నవ్వుతారు. అత్తయ్య గర్వంగా నావైపు చూస్తుంది. నేనూ నవ్వుతాను. నిజం చెప్పొద్దూ, అతను మర్చిపోతే నేనే గుర్తుచేసిన సందర్భాలున్నాయి.

భయాన్ని ముచ్చటగా మార్చుకుని ఇన్నేళ్ళు చెప్పుకున్నానన్నమాట. వెంకూబాయి కథని నేను అంత ఇష్టంగా చెప్పడం వెనక కూడా అదేనేమో.

అలాగని ఆమెని పాపం అనేసి పక్కన పెట్టడానికీ మనసొప్పలేదు. ఆ కాలంలో తెలుగు రంగస్థలం మీద ఆడవేషాలు కట్టింది ఎక్కువగా మగవాళ్ళే. సురభి వాళ్ళ దగ్గర కుటుంబమే సమాజం. భార్యలు, కూతుళ్ళు, కోడళ్ళు, చంకలో పిల్లలు అందరికీ వేషాలుండేవి. మా అమ్మమ్మ చిన్నప్పుడు చూసిన సురభి ఆటల గురించి చెబుతూ, "వాళ్ళల్లో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే కడతారే" అనేది. ఆ గొంతులో సగం మెచ్చుకోలు, సగం 'అమ్మో, మన ఇళ్ళల్లో అయితేనా' అనే వెనుకంజ. వెంకూబాయికి వేదిక దొరికింది ఆ ఏర్పాటు వల్లే. ఆ వేదిక దిగే వీలు లేకపోయిందీ ఆ ఏర్పాటు వల్లేనేమో. గుడారమే ఇల్లు, ఇల్లే సమాజం. ఆట ఆగితే పొయ్యి ఆగుతుంది. తెర వెనక్కి వెళ్ళినా ఆమె పనిచేసే చోటే ఉంటుంది. మరి పురిటిగది ఎక్కడ?

ఇంకో సంగతి. దమయంతి అంటే అడవిలో నలుడు సగం చీర చించుకుని వదిలేసి పోయిన మనిషి కదా. ఆ వేషంలో ఉన్న మనిషి నొప్పులు పడుతుంటే జనం నటన అనుకున్నారట. కథలో నవ్వొచ్చేది అక్కడే. నాకిప్పుడు వణుకు పుట్టేదీ అక్కడే. ఆడమనిషి వేదిక మీద అరిచినా అభినయం కిందే జమ.

ఇక కమలాబాయి. చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి బాల పాత్రలు వేసింది. అంటే ప్రహ్లాదుడై పెరిగిన పిల్లే తర్వాత ప్రహ్లాదుడి తల్లి అయింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు ఆమెకి పాతికేళ్ళు కూడా లేవు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. నేపథ్యగానం ఇంకా రాని రోజులు. మైకు ముందు నటిస్తూనే ఎవరి పాటలు వాళ్ళే పాడుకోవాలి. మైకు లేని పందిట్లో చివరి వరసదాకా వినిపించడానికి సాధన చేసిన గొంతు ఆమెది. దాన్ని పక్కనే పొంచివున్న యంత్రానికి సరిపడా తగ్గించుకోవాలి. ఎంత కష్టమో, ఎప్పుడైనా సభలో మైకు ముందు మాట్లాడిన టీచర్లకి తెలుస్తుంది.

లీలావతి కథ గుర్తుందా? ఆమె కూడా నిండుచూలాలే. నారదుడి ఆశ్రమంలో ఆమెకి చేసిన ఉపదేశాన్ని కడుపులో బిడ్డ విన్నాడు. తల్లి మాత్రం ఆడది కావడం వల్ల, చాలాకాలం గడవడం వల్ల మర్చిపోయిందని భాగవతంలో ప్రహ్లాదుడే చెబుతాడు. విన్న తల్లికి గుర్తులేదు, గర్భంలో ఉన్నవాడికి గుర్తుంది! తెలుగు టాకీల తొలి నాయిక ఆ తల్లి. వేసింది ఎవరో తెలుసా, నొప్పులు పడుతూ వేషం కట్టిన వెంకూబాయి కూతురు.

ఆ సినిమా ప్రతి ఇప్పుడు లేదు. లీలావతి నడక, ఆ గొంతు, ఏదీ మిగల్లేదు. మిగిలింది తేదీ. చాలాకాలం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని రాసుకున్నాం. తర్వాత రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ వెతికి, విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని ఆధారాలతో చూపించారు. గొప్ప పని. అలాంటి ఓపికతో పని చేసేవాళ్ళు మనకి ఇంకా కావాలి. కాకపోతే ఆ తర్వాత జరిగిన చర్చల్లో, సభల్లో తేదీ గురించి విన్నంత ఆమె గురించి వినలేదు. మొదటి నాయిక అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. అక్కడితో ఆమె పని అయిపోయినట్టు.

పని అయిపోలేదు. అదే 1932లో 'పాదుకా పట్టాభిషేకం'లో సీత, 'శకుంతల'లో శకుంతల. బొంబాయిలో ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించింది. మనిషి ఎంత దూరం పోయినా పేరు ముందు సురభి అలాగే ఉంది. తండ్రి కృష్ణాజీరావు ఇంటిపేరూ కాదు, ఇంకెవరిదీ కాదు, కడప జిల్లాలో ఓ పల్లె పేరు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చాలా వద్దా అని కొట్లాడుకున్న మా తరానికి ఆ పేరు కొంచెం అసూయ పుట్టిస్తుంది.

ఆమెని నేను చూశాను. చాలాసార్లు. మీరూ చూసేవుంటారు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లి ఆమే. చిన్నప్పుడు మా ఊరి టూరింగు టాకీసులో, తర్వాత టీవీలో, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఎన్.టి.ఆర్., ఎస్.వి. రంగారావుల మాటలు అప్పజెప్పేవాళ్ళం. మాలతి నగలు చూసేవాళ్ళం. ఆ తల్లి పేరేమిటని ఒక్కసారీ అడగలేదు. కొడుకు కంటే ఆమె పదహారేళ్ళే పెద్ద. నలభై నాలుగేళ్ళ వయసు. పాఠం చెప్పేటప్పుడు మొదటి తెలుగు నాయిక అని బోర్డు మీద పేరు రాసిన నేను, ఈ తల్లీ ఆమే అని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. తెలిసిన రాత్రి మళ్ళీ సినిమా పెట్టుకుని, మిగతావి వదిలేసి ఆమె ఉన్న చోట్లే చూశాను. మాట స్పష్టంగా, గొంతు నిండుగా వస్తుంది. పందిట్లో చివరి వరసవాళ్ళని ఇంకా మర్చిపోని గొంతు అది.

ఆమె 1971 మార్చిలో పోయింది. అంతకు నెల ముందే, ఫిబ్రవరిలో, స్థానం నరసింహారావు పోయారు. సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయన్ని మించిన ఆడవాళ్ళు లేరని ఇప్పటికీ చెప్పుకుంటాం. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 'నటస్థానం' అని తన కథ తనే రాసుకున్నారు. ఆయన ప్రతిభ మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ పాఠమూ ఇష్టంగానే చెప్పాను. కానీ నా పాఠ్యప్రణాళికలో ఆయనకి రెండు గంటలు, కమలాబాయికి ఓ పుట్టుక కథ. గంటలు అలా వేసింది ఎవరో కాదు, నేనే.

కిందటి నవరాత్రులకి మరిది మళ్ళీ చాక్‌పీసు కథ మొదలుపెట్టాడు. "ఆ రోజు వెళ్ళకపోతే డబ్బులివ్వరు, ఉద్యోగం ఉండదు, అందుకని వెళ్ళాను" అన్నాను. నవ్వు ఆగిపోయింది. అత్తయ్య, "ఆ సంగతి మాతో చెప్పనే లేదేమే" అంది. చెప్పలేదు నిజమే. మా అమ్మాయి పళ్ళెం చేత్తో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడిపోయింది.

రిటైరయ్యే ముందు ఆ పేపరు చివరిసారి చెప్పినప్పుడు కథ వెంకూబాయి దగ్గర మొదలుపెట్టాను. గుడారం ఎలా వేస్తారు, వంట ఎవరు చేస్తారు, రంగులు ఎవరు కలుపుతారు, నెలలు నిండిన మనిషి వేషం ఇంకొకరు కట్టాలంటే ఆ పద్యాలు ఎవరికి వచ్చుండాలి... పిల్లలు ఒకటి వెనక ఒకటి అడుగుతూనే ఉన్నారు. గంట కొట్టేసరికి కమలాబాయి ఇంకా పుట్టలేదు.