పాత ఇంజను చప్పుళ్లు, అసలు జబ్బు

తలనొప్పి తగ్గిందని రక్తపోటు మాత్రలు మానేసే రోగి వైద్యుని ఎంత కలవరపెడతాడో, చప్పుడు తగ్గిందని మరమ్మతును సగంలో ఆపించి బండి తీసుకుపోయే యజమాని పాత కార్ల మెకానిక్‌ను అంతగానూ కలవరపెడతాడు. గుంటూరు నుంచి పర్చూరు పోయే దారిలో, పత్తి, మిర్చి చేల నడుమ ఉన్న ప్రత్తిపాడు ప్రాంతంలో పాత కారు పొలానికీ, మిర్చి యార్డుకూ, అర్ధరాత్రి ఆసుపత్రికీ కూడా అక్కరకు వచ్చే బండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలోనూ, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలోనూ ఆగిపోయాయి గనుక, నేడు తిరుగుతున్న ఈ బండ్లన్నీ వయసు మీరినవే. వయసు మీరిన ఇంజను చప్పుడు చేస్తే కంగారుపడటం, చప్పుడు ఆగితే మరిచిపోవడం అనే రెండు తప్పులే వాటి ఆయుష్షును ఎక్కువగా తగ్గిస్తున్నాయి.

యాక్సిలరేటరు తొక్కకపోయినా ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఉండే స్థితిని ఐడ్లింగ్ అంటారు. ఆ స్థితిలో లోపలికి పోయే గాలీ పెట్రోలూ అతి కొద్దిగా ఉంటాయి గనుక, వేగంలో కప్పబడిపోయే చిన్న లోపం కూడా అప్పుడు వణుకుగా బయటపడుతుంది. మారుతి 800లో ఉన్నవి మూడే సిలిండర్లు. వాటిలో ఒకటి మండకపోతే, అంటే మెకానిక్‌లు చెప్పే మిస్సింగ్ వస్తే, శక్తిలో మూడో వంతు పోయి బండి మొత్తం అదురుతుంది. కార్బొరేటరు ఉన్న బండిలో ఇంజను నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరును షాకు కొట్టని పట్టకారుతో క్షణంసేపు తప్పించి చూస్తే, ఏ వైరు తీసినప్పుడు ఇంజను వేగంలో మార్పు రాదో ఆ సిలిండరులోనే లోపం ఉన్నట్లు తేలుతుంది. ఇంత తేలికైన పరీక్ష ఉండగా, ఎవరో చెప్పారని మొదటి రోజే కార్బొరేటరు మార్పించి, మరుసటి వారం అదే వణుకుతో తిరిగి రావడం ఎంత బాధాకరమో చెప్పనలవి కాదు. ప్లగ్గు, వైరు, డిస్ట్రిబ్యూటరు మూత బాగానే ఉంటే, ఇన్‌టేక్ మానిఫోల్డు గ్యాస్కెట్ దగ్గరో, బ్రేకు బూస్టరుకు పోయే రబ్బరు గొట్టం దగ్గరో లెక్కకు రాని గాలి చొరబడుతున్నదేమో చూడాలి. అటువంటి చోట సన్నని బుస వినిపిస్తుంది.

చప్పుళ్లలో అతిగా భయపెట్టేది ట్యాపెట్ చప్పుడు. వాల్వు కాడకూ, దానిని తొక్కే రాకర్ ఆర్మ్‌కూ నడుమ మిల్లీమీటరులో చిన్న భాగమంత ఖాళీ ఉండాలి. అది పెరిగితే పైనుంచి తేలికైన టకటక వినిపిస్తుంది, సర్దుబాటుతో పోతుంది. అసలు ప్రమాదం ఆ ఖాళీ తగ్గిపోవడంలో ఉంది. గ్యాస్ కిట్ బిగించిన పాత పెట్రోలు ఇంజన్లలో వాల్వు కూర్చునే సీటు త్వరగా అరిగి, వాల్వు పైకి జరిగి, ఖాళీ పూర్తిగా మూసుకుపోవచ్చు. అప్పుడు టకటక మాయమవుతుంది, యజమాని ఇంజను మెత్తబడిందని సంతోషిస్తాడు, వాల్వు మాత్రం పూర్తిగా మూతపడక వేడిని సీటుకు అందించలేక అంచు కాలిపోతుంది. కొద్దిపాటి వణుకు తప్ప మరే లక్షణమూ లేని ఈ జబ్బును గుర్తించేనాటికి సిలిండరు హెడ్డు విప్పక తప్పదు. సకాలంలో ట్యాపెట్లు కొలిపించుకుని ఉంటే పూటపనితో పోయేది.

కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగితే వచ్చే చప్పుడు వేరు: అది కిందినుంచి వచ్చే బరువైన దెబ్బ, బండి మీద బరువు పడినప్పుడు పెరుగుతుంది, ఆ సిలిండరు ప్లగ్గు వైరు తప్పిస్తే మెత్తబడుతుంది. ఈ దెబ్బను దాచడానికి ఇంజను ఆయిలులో చిక్కటి గేరు ఆయిలు కలిపే వైద్యం ఒకటి ప్రచారంలో ఉంది. చిక్కటి ఆయిలు అరిగిన ఖాళీని నింపి కొన్నాళ్లు చప్పుడు అణచివేస్తుంది. కానీ తెల్లవారుజామున చల్లని ఇంజను తిప్పినప్పుడు అది బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది, ఆ కాసేపూ లోహం లోహాన్ని ఒరుస్తుంది. క్రాంకు షాఫ్టు గీతలు పడ్డాక ఖర్చు అనేక రెట్లవుతుంది. అమ్మేవాడు ఈ పని చేస్తే అది మోసం. కొన్నవాడు చేస్తే తన బండికి తానే చేసుకునే హాని.

మిర్చి కళ్లాల కాలంలో, మిర్చి బస్తాల (టిక్కీల) బండ్లు తిరిగే మట్టి దారుల్లో, గాలి ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. ఊపిరాడక ఇంజను నల్లపొగ వదిలితే, ఫిల్టరు కొత్తది వేయడానికి బదులు అసలు తీసివేయడం ఇక్కడ జరిగే అత్యంత విచారకరమైన పని. ఆ రోజు బండి చురుకుగా పరుగెడుతుంది. నల్లరేగడి దుమ్ము మాత్రం ఆయిలుతో కలిసి పిస్టను రింగులనూ బోరునూ అరగదీస్తూ, ఒక్క పంటకాలంలోనే ఆయిలు తాగే ఇంజనుగా మార్చగలదు. పత్తి కాలంలో రేడియేటరు రెక్కల్లో దూది చిక్కుకుని ఇంజను వేడెక్కడం కూడా ఇటువంటిదే. హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండరులోకి నీరు చేరేదాకా ఎవరూ పట్టించుకోరు.

పంట డబ్బు చేతికి రాకముందే ఇంజను పని మీదపడితే రైతు సగం పనితో సరిపెట్టుకోవాలనుకోవడం అర్థం చేసుకోదగినదే, దానికి అతనిని నిందించడం అన్యాయం. డబ్బు తక్కువైనప్పుడు పనిని వాయిదాల్లో చేయించవచ్చు. వాయిదా వేయకూడనిది పరీక్ష ఒక్కటే. ప్లగ్గు రంధ్రంలో కంప్రెషను మీటరు పెట్టి ఒత్తిడి కొలిచి, తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిస్తే, ఒత్తిడి పెరిగినచో రింగులూ బోరూ అరిగినట్లు, పెరగకపోతే వాల్వు చెడినట్లు, పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ తక్కువైతే హెడ్ గ్యాస్కెట్ పోయినట్లు ఎక్కువగా తేలుతుంది. ఈ పరీక్షకు కొత్త విడిభాగం ఒక్కటీ అక్కరలేదు. ఐడ్లింగ్‌లో బండి అదురుతున్నవారు కార్బొరేటరు మార్చమని చెప్పే ముందు ఈ కొలతలు కాగితం మీద రాయించి తీసుకోవాలి. కొలవకుండా విప్పుతానన్న చోట బండిని వదలవద్దు.