ఇంకేంటీ... అంతేగా మరి!

ఫోన్లో ‘ఇంకేంటి సంగతులు?’ అని అడిగారంటే మీకింకా సంగతులు కావాలనా? అబ్బే! ఇక పెట్టేద్దామా అని. అవతలివాళ్లేం తక్కువ తిన్నారా? ‘ఇంకేముందీ, అంతే’ అంటారు. ‘సరే అయితే’ అని మీరు. ‘సరే మరి’ అని వాళ్లు. ‘ఉంటా.’ ‘ఆఁ, ఉంటా.’ పెట్టేసి పోతూ ‘ఉంటా’ అంటామేమిటండీ మనం? గుమ్మం దగ్గరా అదే వరస. వెళ్లేవాళ్లు ‘వస్తాం’ అంటారు!

ఈ తతంగం మనింట్లోనే ఉందనుకోకండి. అమెరికాలో షెగ్లాఫ్, శాక్స్ అనే ఇద్దరు పండితులు 1973లో పనిగట్టుకుని దీనిమీదే ఓ వ్యాసం రాశారు. సంభాషణ ఉన్నట్టుండి ఆగదట. నా దగ్గరిక ఏం లేదు, నా దగ్గరా లేదు అని ఇద్దరూ ఒప్పుకుంటేనే ముగుస్తుందట. ఆ ‘సరే అయితే’కి వాళ్లు ప్రీ-క్లోజింగ్ అని పేరు పెట్టారు. తలుపు దగ్గరగా వేశారన్నమాట, గడియ ఇంకా పెట్టలేదు. ఆ సందులోంచే దూరుతుంది మన ‘అన్నట్టు’. ‘అన్నట్టు వదినా, మీ తోడికోడలి కూతురి సంబంధం ఏమైంది?’ ఇంకేముంది, మరో అరగంట. స్టవ్ మీద పాలు గోవిందా.

ఇంతకీ మీరు ఊ కొడుతున్నారా లేదా? ఊ కొట్టకపోతే నేను చెప్పను. బామ్మలంతా ఇదే మాట అనేవారు కదూ! పిల్లాడు ఊ మానేస్తే నిద్రపోయాడని లెక్క, రాజకుమారుడు ఏడు సముద్రాల మధ్యలో ఆగిపోవాల్సిందే. భాషాశాస్త్రంలో దీన్ని బ్యాక్‌చానెల్ అంటారు. 1970లో విక్టర్ యింగ్వే అనే ఆయన పెట్టిన పేరు. మాట వంతు లాక్కోకుండా ‘వింటున్నా, కానివ్వు’ అని చెప్పడం. ఆయన మన ఊల రకాలు విని ఉంటే ఏమైపోయేవాడో! చప్పిడి ఊ ఒకటి. ‘ఊఁ?’ అని సాగితే తర్వాతేమైందో చెప్పమని. ‘ఊఁ ఊఁ’ అని గబగబా కొట్టారంటే, చాలు ఆపవయ్యా అని.

వంతు అన్నాను కదా. ఒకరు ఆపాక రెండోవారు అందుకోవడానికి ఎంతసేపు పడుతుందో 2009లో పది భాషల్లో కొలిచి చూశారు. సగటున సెకనులో అయిదో వంతట! రెప్పపాటు కాలం. జపాన్‌వాళ్లు మరీ చురుకు, డెన్మార్క్‌వాళ్లు కాస్త నిదానం. మా ఇంట్లో కొలిస్తే సున్నాకి దిగువన వస్తుంది. ఎదుటివాళ్లు ముగించేదాకా ఆగే ఓపిక ఎవరికండీ?

వినపడకపోతే ‘ఆఁ?’ అంటాం. ఇలాంటి చిట్టి కూత 31 భాషల్లో ఇంచుమించు ఒకేలా ఉందని తేల్చినవాళ్లకి 2015లో ఇగ్‌నోబెల్ అనే సరదా బహుమతి ఇచ్చారు. నవ్వకండి, అక్కరకొచ్చే కూత అది. ఇందాకటి శాక్స్ అసలు ఈ మాటల పరిశోధనలో పడిందే ఇలాంటి ‘వినపడలేదు’తో. 1960ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చే ఫోన్లు వింటుంటే ఒకటి కనిపెట్టాడు. ఫోనెత్తినవాళ్లు తమ పేరు చెబితే, ఫోన్ చేసినవాళ్లు కూడా చెప్పాలి కదా. చెప్పడం ఇష్టం లేనివాళ్లు ‘వినపడలేదండీ’ అనేవారు. అంతే, ఆ సర్దుబాటులో పేరు చెప్పే వంతు కాస్తా జారిపోయేది. అప్పు అడిగితే ‘హలో... హలో... సిగ్నల్ లేదు’ అనే మన బంధువులకి ఇది కొత్తేం కాదనుకోండి.

ఇవన్నీ సరే, నాకు ముద్దొచ్చేవి మాత్రం ప్రతిధ్వని పదాలు. పులీ గిలీ, పామూ గీమూ, పెళ్లీ గిళ్లీ. మొదటి అక్షరం పొట్టిదైతే ‘గి’, పొడుగుదైతే ‘గీ’. బడికి వెళ్లని పిల్లలు కూడా తప్పరు. తమిళులు, కన్నడిగులు కూడా ఇంచుమించు ఈ దారే. హిందీవాళ్లది ‘చాయ్ వాయ్’. మనం వచ్చినవాళ్లని ‘కాఫీ గీఫీ తాగుతారా?’ అని ఎంత మర్యాదగా అడుగుతామో! ఇంతవరకు ఒక్కరైనా ‘గీఫీ ఇవ్వండి’ అన్నారా, పాపం?

ఇదిగో, మీకో చిక్కు. ‘గిన్నె’కి ఏం తగిలిస్తారు? ‘గిన్నె గిన్నె’ తెమ్మంటే వంటింట్లోంచి రెండొస్తాయి.