పెత్తర అమాస నుంచి పున్నమి దాకా: సుబేదారి కబుర్లు

2025లో మా హనుమకొండ సుబేదారిలో పండుగలూ వానలూ పోటీపడి వచ్చాయి. వినాయకుడు వానలోనే వెళ్లాడు. పెత్తర అమాస సెప్టెంబర్ 21న, ఆదివారం పడింది. పొద్దున పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చుకున్నాం. సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ. పోయినవాళ్లను తలుచుకున్న రోజే ఉన్నవాళ్లంతా పూలు పట్టుకుని బయటికి రావడం మన దగ్గర ఎప్పుడు ఎవరు పెట్టారో గాని, చాలా మనసెరిగి పెట్టారు. నాకు ఆ రోజు ఇంట్లో కూర్చునే వీలే ఉండదు. మా ఆయన పేరిట స్వయంపాకం ఇచ్చి వచ్చేసరికి గేటు దగ్గర గునుగు కట్టలు పెట్టుకుని పక్కింటి పిల్లలు నిలబడి ఉన్నారు.

ఈ పిల్లల గురించి చెప్పాలి. మా గోడ పక్కిల్లు ఇప్పుడు లేడీస్ హాస్టల్. ఒకప్పుడు అక్కడ ఒక కుటుంబం ఉండేది, పిల్లలు రెక్కలొచ్చి వెళ్లాక పెద్దవాళ్లు హైదరాబాద్ చేరారు. ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో చదివేవాళ్లు, పోటీ పరీక్షల కోచింగ్‌కు వచ్చినవాళ్లు, ఆస్పత్రుల్లో చేరిన కొత్త నర్సులు అందులో ఉంటారు. తాడ్వాయి నుంచి వచ్చిన డిగ్రీ పిల్ల ఒకతె నన్ను మొదట్లో ఆంటీ అనేది, ఈమధ్య అమ్మమ్మా అంటోంది. ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డది ఆమే.

"అమ్మమ్మా, మాకు పేర్చుడు సక్కగ రాదు. మీరే పేర్చాలె."

భర్త పోయినవాళ్లు బతుకమ్మ పేర్చొద్దని కొన్ని ఊళ్లలో ఇంకా అంటారు. మా అత్తగారి ఊళ్లోనూ అన్నారు. ఈ పిల్లకు ఆ సంగతి తెలియక కాదు, వాళ్ల ఊళ్లోనూ అంటారట. తెలిసే అడిగింది. సజ్జ మీదినుంచి ఇత్తడి తాంబాలం దింపించాను. అడుగున గుమ్మడాకులు పరిచి, మొదటి వరుస తంగేడు, ఆపైన గునుగు, బంతి, చామంతి, మళ్లీ గునుగు. గునుగు కొసలు సమానంగా కోయకపోతే పైకి పోయేకొద్దీ బతుకమ్మ పక్కకు వంగుతుంది. ఆ ఒక్క పనీ పిల్లలకు ఒప్పజెప్పి చూస్తూ కూర్చున్నాను. పైన పసుపు గౌరమ్మను నిలబెట్టాక అందరం కలిసి ఆటో ఎక్కి వేయిస్తంభాల గుడికి పోయాం. ఈసారి రాష్ట్ర ఉత్సవాలను అక్కడే మొదలుపెట్టారు కాబట్టి రద్దీ ఇంతా అంతా కాదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. పక్కనున్న కల్యాణ మంటపం ఏళ్లకేళ్లు విప్పదీసిన రాళ్లుగా పడి ఉండి, 2024 మార్చి 8న, శివరాత్రికి, మళ్లీ తెరిచారు. మా పెళ్లయిన కొత్తలో చూసిన మంటపాన్ని ఈ వయసులో మళ్లీ నిలబడి చూడగలగడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

తంగేడు మాత్రం ఇప్పుడు కొనాల్సిందే. వడ్డేపల్లి దాటితే గట్ల పొంటి విరగబూసేది, పిల్లలను పంపితే ఒడినిండా తెచ్చేవాళ్లు. ఆ గట్లన్నీ ప్లాట్లయ్యాయి. రాష్ట్ర పుష్పం అని పేరు పెట్టుకున్న పూవును హనుమకొండ చౌరస్తాలో బేరమాడి తెచ్చుకోవడం నాకు బాధగానే ఉంటుంది. ఏటా చెబుతున్నాను, కాలనీ పార్కులో నాలుగు తంగేడు మొక్కలు పెట్టండని. వచ్చే వానాకాలానికి నేనే తెచ్చి నాటిస్తాను.

సద్దుల బతుకమ్మ నాడు వడ్డేపల్లి చెరువుకు పోయాం. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర, ఇంకా మలీద ముద్దలు. మలీద మా అమ్మాయికి ప్రాణం. ఆమె టెక్సాస్‌లో ఉంటుంది, అక్కడా మనవాళ్లు హాలు అద్దెకు తీసుకుని బతుకమ్మ ఆడతారు, గునుగు దొరక్క వేరే పూలు పేరుస్తారు. వీడియో కాల్‌లో నా ముద్దలు చూసి, "అమ్మా, నాకు పంపవా?" అంది. "రా బిడ్డా, చేసి పెడతా" అన్నాను. పూర్వం ఈ పండుగకు ఆడపిల్లలు పుట్టింటికి వచ్చేవాళ్లు. ఇప్పుడు వాళ్లు రాలేకపోతే పండుగే ఫోన్లో వాళ్ల దగ్గరికి పోతోంది. దానికి నేను ఏడవను. వాళ్ల పనులు, సెలవులు, టికెట్ల ధరలు నాకు తెలుసు. తాంబాలం చుట్టూ కూర్చోవడానికి ఎవరో ఒకరి ఆడపిల్లలు ఉంటే చాలు, పండుగ జరుగుతుంది.

దసరా గాంధీ జయంతి నాడే వచ్చింది. మటన్ ముందు రోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్న ఇళ్లే ఎక్కువ. మా కొడుకు, కోడలు, మనవడు జమ్మి సమయానికి వచ్చారు. మనవడు నా చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాడు. దీపావళికి మళ్లీ వచ్చారు, కేదారేశ్వర నోము మా ఇంట్లోనే. మూడు రోజులు ఇల్లు కాలు పెట్టే సందు లేదు. సజ్జ మీది పెద్ద గంజులన్నీ దిగాయి, అరిసెల వాసన వీధి దాకా పోయింది.

వాళ్లు వెళ్లాక వచ్చే సాయంత్రం గురించి అందరూ నన్ను అడుగుతారు. "ఒక్కదానివి ఎట్లుంటవమ్మా ఇంత ఇంట్ల?" అని. పాలవాడు అడుగుతాడు, బ్యాంకులో పిల్ల అడుగుతుంది, చుట్టాలు ఫోన్ చేసి మరీ అడుగుతారు. కారు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడతాను. తరువాత లోపలికి వచ్చి పెద్ద గంజులు తోమి, ఆరబెట్టి, రెండో రోజు పనామె సాయంతో సజ్జ ఎక్కిస్తాను. మా ఇంట్లో వాడే చిన్న గిన్నెలు మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తాయి. రేడియో పెట్టుకుంటాను. మొదటి పూట గుండెలో బరువు ఉంటుంది, అది లేదంటే అబద్ధం. రెండో పూటకు నా ఇల్లు నాకు తిరిగి దొరికినట్టు ఉంటుంది. ఇది బయటికి చెబితే తల్లి ఇలా అనొచ్చా అంటారేమోనని చాలామంది ఆడవాళ్లు దాచుకుంటారు. నేను దాచను. పిల్లలు రావాలని ఎంత ఎదురుచూస్తానో, నా పొద్దు నాకుండాలని అంతే కోరుకుంటాను.

నా పొద్దంటే పెద్ద విశేషాలేం లేవు. తెల్లవారాక కాలేజీ గ్రౌండులో నడక. వచ్చాక పేపరు. ఒక్కదానికోసం ఏం వండుకుంటారులే అని కొందరు నా వయసువాళ్లు పాలూ బ్రెడ్డుతో పూట గడిపేస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. ఒక్కరే తినేటప్పుడే బాగా వండుకోవాలి. వారానికి ఒకసారైనా సర్వపిండి చేస్తాను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారం వేసి కలిపి గిన్నె అడుగున పలుచగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి నూనె చుక్కలు వేస్తే, మూత కింద అది మెల్లగా కాలుతూ ఇల్లంతా కమ్మని వాసన. మంట పెంచితే మాడుతుంది, దాని దగ్గర అరగంట ఓపిగ్గా ఉండాలి. నలుగురికి చేయాల్సి వచ్చినప్పుడు ఆ ఓపిక నాకు ఉండేది కాదు, ఒకటి దింపేలోపు ఇంకొకరికి ఆకలయ్యేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఒక నివేదిక ఇచ్చింది. భూమ్మీద ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారట. బ్రిటన్ 2018లోనే ఈ సమస్య చూడడానికి ఒక మంత్రిని పెట్టుకుంది, జపాన్ 2021లో. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు నన్ను ఆపింది వేరే సంగతి. ఈ బాధ ఎక్కువగా కనబడింది 13 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్లలోనట. వెంటనే పక్క హాస్టల్ గుర్తొచ్చింది. ఒక్కో గదిలో నలుగురేసి ఉంటారు, నాలుగు మంచాల మీద నాలుగు ఫోన్లు వెలుగుతుంటాయి. అర్ధరాత్రి నీళ్లకు లేస్తే మా వంటింటి కిటికీలోంచి మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తూ కళ్లు తుడుచుకునే పిల్ల ఎవరో ఒకరు కనబడతారు. ఊరు దాటి వచ్చిన పిల్ల, పరీక్ష పోతే ఇంటికి ఏం చెప్పాలో తెలియని పిల్ల. జనమంతా జాలిపడే ఒంటరిదాన్ని నేను. నా వాడకట్టు, నా చెట్లు, నన్ను పేరుపెట్టి పిలిచే మనుషులు నా చుట్టూ ఉన్నారు. నిజంగా పలకరింపు కావాల్సింది ఆ గోడ అవతల.

మొంథా తుపాను రోజు అది ఇంకా తేటగా తెలిసింది. అక్టోబర్ 28 రాత్రి తీరం దాటింది కోస్తాలోనే, మరునాడు కుమ్మరించింది మాత్రం మా మీద. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి పడింది. హంటర్ రోడ్డు వైపు, సమ్మయ్యనగర్‌లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. డోర్నకల్, మహబూబాబాద్ దగ్గర రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. కోసి కుప్పేసిన వడ్లు నీళ్లలో తేలుతుంటే రైతులు చేతులతో ఎత్తుకోవడం టీవీలో చూసి అన్నం సయించలేదు. 2023 జులై వానలు కళ్ల ముందు మెదిలాయి. అప్పుడు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లు దాటింది. చెరువుల శిఖాలు, నాలాల ఒడ్లు ఇళ్లుగా మారినచోట ఆకాశాన్ని తిట్టి లాభం లేదు. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన ఊరిలో నీటికి దారి లేకపోవడం మనం చేసుకున్నదే. ఈ మాట గట్టిగా అనాల్సినవాళ్లు వాన వెలిసిన వారానికే మరిచిపోతున్నారు.

ఆ రాత్రి కరెంటు లేదు. హాస్టల్లో వంట కాలేదు. పిల్లలు బిస్కెట్లతో కూర్చున్నారని తెలిసి గోడ మీదినుంచి పిలిచాను. గ్యాసు పొయ్యి, రెండు దీపాలు. సజ్జ మీది పెద్ద గంజు మళ్లీ దిగింది. పెసరపప్పు కిచిడీ, పుంటికూర పచ్చడి, వేయించిన అప్పడాలు. తాడ్వాయి పిల్ల తన ఊరికి ఫోన్ కలవక తల్లడిల్లుతోంది. వాగులు పొంగితే వాళ్లకు బయటి ప్రపంచం ఉండదు. తెల్లారుజామున కలిసింది. అంతదాకా ఎవరమూ పడుకోలేదు. జడలు వేసుకున్నారు, దయ్యాల కథలు చెప్పుకున్నారు, ఒక పిల్ల తను పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదని బయటపెట్టింది. పొద్దున్నే నా ఫోన్ నుంచే వాళ్ల అమ్మతో మాట్లాడింది. ఆ తల్లి ఒక్క మాట తిట్టలేదు.

కార్తీక పౌర్ణమి నవంబర్ 5న. భద్రకాళి గుడిలో, సిద్ధేశ్వరాలయంలో దీపాలు. అయిదు రోజులకే, 10వ తారీఖున, కవి అందెశ్రీ పోయిన వార్త. జనగామ దగ్గరి రేబర్తిలో పుట్టి, చిన్నప్పుడే అనాథై, గొర్లు కాసి, తాపీ పని చేసి, బడి మొహం చూడని మనిషి. మా కాకతీయ యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన రాసిన పాట 2024 నుంచి మన రాష్ట్ర గీతం. సొంత ఇల్లు, నా అన్నవాళ్లు లేకుండా పెరిగిన పిల్లవాడి పాటను ఇవాళ ప్రతి బడి ముంగిట్లో పిల్లలు పాడుతున్నారు. ఆ రోజు నాకు వేరే పని మీదికి మనసు పోలేదు.

13న కవి కాళోజీ వర్ధంతి. నక్కలగుట్టలో ఆయన ఇల్లు మాకు నడిచిపోయేంత దగ్గర. తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం, ఆయన మాట్లాడింది, రాసింది మన వాడుక తెలుగు. అన్న రామేశ్వరరావు ఉర్దూ కవి. ఇంటి బరువు అన్న మోస్తే తమ్ముడు ఊరి గొడవంతా తన గొడవ చేసుకున్నాడు. అలాంటి అన్నలున్న కుటుంబాలు ఎన్ని గొప్పవాళ్లను మోశాయో ఎవరూ లెక్కరాయలేదు. ఆయన పేరిట కట్టిన కళాక్షేత్రానికి 2014లో పునాది పడితే 2024 నవంబర్ 19న తెరిచారు. ఆలస్యమైనా హాలు బాగుంది. పిల్లలను తీసుకుపోయి నాటకం చూపించాలని ఉంది.

ఇంటి సంగతి ఒకటి. డెవలప్‌మెంట్‌కు ఇమ్మని మళ్లీ ఎవరో వచ్చారు. అయిదు అంతస్తులు లేపుతారట, నాకు రెండు ఫ్లాట్లట. కొడుకు కూడా ఫోన్లో, "ఆలోచించమ్మా, ఒక్కదానివి ఇంత ఇల్లు ఊడ్చుకోవాలె గదా" అన్నాడు. వాడి దిగులు నాకు అర్థమవుతుంది, నేను పడిపోతే చూసేవాళ్లుండరని వాడి భయం. గోడ అవతలి పిల్లల నంబర్లు పంపించాను. రోజూ పొద్దున కిటికీ తెరవకపోతే వాళ్లు వచ్చి తలుపు కొడతారని చెప్పాను. ఊరుకున్నాడు. ఇల్లు పాతబడిందంటారా, కలెక్టర్ గారి పాత బంగ్లాకు 1886లో పునాది వేశారు. నిజాం కాలపు సుబేదారు కోసం కట్టింది, ఇంకా నిలిచే ఉంది. మా ఇంటికి నలభై ఏళ్లు నిండాయి, స్లాబు గట్టిగానే ఉంది.

ఇక ముందున్నది మేడారం జాతర. 2026 జనవరి 28 బుధవారం సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క. శనివారం తల్లులు వనప్రవేశం చేస్తారు. తాడ్వాయి పిల్ల తల్లి ఫోన్ చేసి, "అమ్మా, జాతరకు మా ఇంటికే రావాలె. వానల నా బిడ్డకు బువ్వ పెట్టినవ్, మొక్కు నేను మొక్కుకున్న నీ పేరు మీద" అంది. నా పేరు మీద మొక్కుకునే మనిషి వంద కిలోమీటర్ల అవతల అడవిలో ఉందని నాకు తెలియనే తెలియదు. ఎత్తు బెల్లం వాళ్లే తెస్తారట. జాతర నాలుగు రోజుల రద్దీ నా మోకాళ్లు తట్టుకోవు కాబట్టి సంక్రాంతి దాటిన వారంలోనే హనుమకొండ బస్టాండ్ నుంచి పొద్దున బస్సుకు పోదామని పిల్లలు అంటున్నారు. సకినాలు ఈసారి ఎక్కువే చేయాలి, తాడ్వాయికి ఒక డబ్బా, హాస్టల్‌కు ఒక డబ్బా, టెక్సాస్‌కు కొరియర్. బియ్యం నానబోసే రోజు గునుగు కోసిన పిల్లలే వచ్చి సకినాలు చుడతామన్నారు.