బోను వైపు చూపిన వేలు

ముంబయిలో సాత్ రస్తా దగ్గర ఆర్థర్ రోడ్ జైలు గోడ వెంట చిన్నప్పటి నుంచీ నడిచినవాణ్ని. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి మిల్లు పనికొచ్చి వర్లీ బీడీడీ చాళ్లలో ఉండిపోయాడు. ఆ గోడ లోపలికి మాత్రం 2009లోనే వెళ్లాను, ఒక తెలుగు పత్రిక విలేకరిగా.

2008 ముంబయి ఉగ్రదాడుల్లో పట్టుబడిన కసబ్ విచారణ కోసం జైల్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. న్యాయమూర్తి ఎం.ఎల్. తహలియానీ. ప్రభుత్వం తరఫున వాదించింది ఉజ్జ్వల్ నికమ్. జల్‌గావ్‌లో వకీలుగా మొదలైన ఆయన 1993 పేలుళ్ల కేసుతో ముంబయిలో అందరికీ తెలిశారు. 257 మందిని బలిగొన్న ఆ పేలుళ్ల కేసులో 100 మంది దోషులుగా తేలి, శిక్షలన్నీ ప్రకటించేసరికి 2007 వచ్చింది.

నా మనసులో నిలిచిపోయింది 2009 జూన్‌లో ఒక రోజు. ఊతకర్ర సాయంతో ఒక చిన్నపాప సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. ఆ దాడుల్లో సీఎస్‌టీ స్టేషన్‌లో కాలికి తూటా తగిలేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. కోర్టులో కర్ర చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాల్చినవాణ్ని చూపించమంటే బోను వైపు వేలెత్తింది. నా చేతిలో కలం కదల్లేదు.

600 మందికి పైగా సాక్షులతో నడిచిన కేసు అది. 2010 మే 3న కసబ్‌ను దోషిగా తేల్చిన కోర్టే, సాక్ష్యం చాలదని సహ నిందితులైన ఇద్దరు భారతీయులను విడిచిపెట్టింది. ఊరంతా ఉరి కోరుతున్న రోజుల్లో ఆ తీర్పు విని మన కోర్టుల మీద నాకు గౌరవం రెట్టింపయింది. మే 6న ఉరిశిక్ష ప్రకటించినప్పుడు కసబ్ తల వంచుకున్నాడు. నాకు మాత్రం ఆ పాపే గుర్తొచ్చింది.

కసబ్ బిర్యానీ అడిగాడన్న మాట దేశమంతా పాకింది. అది తాను కల్పించి చెప్పిందేనని 2015లో నికమ్ స్వయంగా ఒప్పుకున్నారు. ఆ కేసుకు అలాంటి కథ అవసరమే లేదని నా నమ్మకం. పాప చూపిన వేలు చాలు.

నికమ్ 2024లో ముంబయి ఉత్తర మధ్య స్థానంలో బీజేపీ తరఫున లోక్‌సభకు పోటీచేసి, వర్షా గైక్వాడ్ చేతిలో 16,514 ఓట్లతో ఓడిపోయారు. 2025 జూలైలో రాష్ట్రపతి ఆయనను రాజ్యసభకు నామినేట్ చేశారు.

ఆ వార్త విన్నాక, ఆయన సాక్షుల తరఫున సభలో మాట్లాడతారని నాకొక ఆశ కలిగింది. సాక్షులకు రక్షణ కల్పించే పథకాన్ని ప్రతి రాష్ట్రమూ తేవాలని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, చెబుతోంది. చట్టంలో రాసింది సాక్షి ఇంటి గడప దాకా చేరాలి. సాక్ష్యం చెప్పి ఇంటికెళ్లిన మనిషి ఆ రాత్రి ఎలా నిద్రపోతాడో ఒక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి తెలిసినంతగా సభలో ఇంకెవరికి తెలుస్తుంది? ఆ కర్ర చప్పుడు నికమ్ గారు కూడా విన్నారు. సభలో లేచిన ప్రతిసారీ అది ఆయన చెవిలో మోగాలి.