కనుమ మర్నాడు అండమాన్‌కి

మాది ఒంటిమిట్ట. కోదండరాముడి గుడి కోసం, వెన్నెల్లో జరిగే కల్యాణం కోసం ఎక్కడెక్కడి జనమో మా ఊరికి వస్తారు. మేం మాత్రం ఎక్కడికీ పోం. పోతే తిరుపతి, లేకపోతే పెళ్లిళ్లకి కడప. అలాంటి ఇంట్లో "ఈ సంక్రాంతికి ఏడుగురం కలిసి అండమాన్ పోదాం, స్కూబా డైవింగ్ కూడా చేద్దాం" అన్నాన్నేను. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఏటా ఆఫీసువాళ్ల బీచ్ ఫొటోలకి లైకులు కొట్టి కొట్టి వచ్చిన ధైర్యం అది.

నాయన వెంటనే లెక్క తీశాడు. "ఆ దుడ్లతో ఇంకో బోరు ఏపించచ్చు గదరా." మా దగ్గర ఏ ఖర్చయినా బోర్లలోనే కొలుస్తారు. అక్క పెళ్లి మూడు బోర్లు, నా ఇంజినీరింగ్ నాలుగు. అండమాన్ ఒకటిన్నర బోరు అని తేలింది. అందులో నీళ్లు పడతాయన్న గ్యారంటీ లేదు కాబట్టి నాయన పెద్దగా వాదించలేదు.

అసలు ఇబ్బంది అమ్మతో. ఆమె వద్దనలేదు, సరేననలేదు. లేచి వంటింట్లోకి పోయింది.

ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, చెయ్యేరు ఒడ్డునున్న పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఎంతోమంది చనిపోయారు. నందలూరు వైపు రైలు పట్టాలే గాల్లో వేలాడాయి. మా పిన్నివాళ్లది ఆ ఒడ్డునే ఒక పల్లె. పిన్ని, బాబాయి మిద్దెమీద నిలబడి ప్రాణాలు దక్కించుకున్నారు. రెండు బర్రెలు, బియ్యం, బీరువా అన్నీ కళ్లముందే పోయాయి. ఫోన్లు కలవక ఆ రోజంతా అమ్మ గుమ్మంలోనే కూచుంది. ఇప్పటికీ చెయ్యేటి వంతెన మీద బస్సు పోతుంటే కళ్లు మూసుకుంటుంది. మా చెరువు నిండినా చూడ్డానికి రాదు.

వానల్లేక బోర్లు ఎండే చోట నీళ్లంటే భయమేంటని బయటివాళ్లకి వింతగా ఉంటుంది. మాకు నీళ్లు ఉంటే కొంచెం, లేకపోతే మీద పడేంత. మధ్యరకం నీళ్లతో మాకు పరిచయం తక్కువ.

అందుకే నా ప్లాన్ హోటల్ దగ్గర మొదలవలేదు, అమ్మ దగ్గర మొదలైంది. ముందు నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కి ఒక్కరోజు తీసుకెళ్లా. ఆమె వయసు యాభై ఎనిమిది, సముద్రం చూడడం అదే మొదలు. చెప్పులు చేత్తో పట్టుకుని, తడి ఇసుకకి పది అడుగుల దూరంలో ఆగిపోయింది. అరగంట అలాగే చూసి, "వచ్చి మళ్లా పోతాండాదే ఇది" అంది. తర్వాత తనే నాలుగడుగులు ముందుకేసింది. పాదాలు తడిశాయి. అంతకుమించి కదల్లేదు, నేనూ లాగలేదు. కొందరు "రా అమ్మా ఏం కాదు" అంటూ పెద్దవాళ్లని చెయ్యి పట్టి అలల్లోకి లాగి రీల్స్ తీస్తుంటారు. నాకది అస్సలు నచ్చదు.

నాయన మాత్రం పంచె ఎగ్గట్టి నడుము లోతుకి పోయాడు. అప్పుడు గుర్తొచ్చింది, మా ఏడుగురిలో ఈత వచ్చింది ఆయనొక్కడికే. ఆయన చిన్నప్పుడు వీపుకి బెండు కట్టి పిల్లల్ని బావిలోకి తోసేవాళ్లట. మా తరానికి ఆ బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి, బోరులో ఈత నేర్చుకోలేం కదా. అయినా బావికీ సముద్రానికీ తేడా ఉంది. బావిలో నీళ్లు ఎక్కడికీ లాక్కుపోవు. సముద్రంలో కొన్నిచోట్ల ప్రవాహం ఒడ్డు నుంచి లోపలికి గుంజుతుంది. దానికి ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా ఈది ఆ ప్రవాహం లోంచి బయటపడాలి. ఇది చెప్తే నాయన "సరేలేప్పా" అన్నాడు. ఆ సరే మీద నాకు నమ్మకం లేదు, ఆయన మీద ఒక కన్నేసి ఉంచాలి.

అండమానే ఎందుకంటే, అమ్మానాయనలకి పాస్‌పోర్టులు లేవు. బాలి, మాల్దీవులు అక్కడే ఆగిపోయాయి. చెన్నై నుంచి విమానంలో రెండుంబావు గంటలు. ఓడలో కూడా పోవచ్చుగానీ మూడు రోజులు పడుతుంది, అమ్మ సంగతి తెలిసీ ఆ మాట ఎత్తలేదు. పైగా పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడినవాళ్లు. ఈ ముక్కకి అమ్మ కొంచెం తేలికపడింది.

ఎప్పుడు పోవాలన్నది ఇంకో పంచాయితీ. ఎండాకాలం సెలవులు అనుకున్నాం. ఏప్రిల్‌లో రాముడి కల్యాణానికి బంధువులతో ఇల్లు నిండిపోతుంది, మే మూడోవారానికి రుతుపవనాలు మనకంటే ముందు అండమాన్‌కే చేరతాయి. సముద్రం ఎగిసిందంటే ఫెర్రీలు ఆగుతాయి. అందుకని సంక్రాంతి. "పండగపూట ఇల్లిడిసి పోతారా" అని అమ్మ, "కనుమనాడు కాకి కూడా కదలదు" అని నాయన. చివరికి కనుమ మర్నాడు, 17న, బయల్దేరడానికి రాజీ కుదిరింది. పిల్లలకి నాలుగు రోజులు బడి పోతుంది. వాళ్లేం బాధపడ్డం లేదు.

నాయనకి ఇంకో డౌటు. "సునామీ వచ్చింది ఆడే గదా?" నిజమే. 2004 డిసెంబర్ 26న అండమాన్ నికోబార్ దీవులు ఘోరంగా దెబ్బతిన్నాయి. కానీ ఇప్పుడు హెచ్చరిక కేంద్రం ఉంది, 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నడుపుతోంది అని చెప్పా. "హైదరాబాద్‌లో సముద్రం యాడుందిరా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక అడ్వెంచర్. అందరికంటే హుషారుగా ఉన్నది బావ. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హావ్‌లాక్‌లో, ఈత రానివాళ్లతో కూడా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని డైవ్ చేయిస్తాడు. అయితే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. అందులో ఉబ్బసం గురించి ప్రశ్న ఉంది. బావకి చిన్నప్పటినుంచీ ఉంది. "కాదు అని టిక్ కొడితే పోలా" అన్నాడు. అక్క చూసిన చూపుకి కడపలో డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన వద్దే వద్దన్నాడు. నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, అది బయటికి పోయే దారి మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుందట. బావ ఇప్పుడు మా అఫీషియల్ ఫొటోగ్రాఫర్.

డైవింగ్‌కి సాధారణంగా పదేళ్లు నిండాలి. కాబట్టి పదకొండేళ్ల మేనకోడలు, అక్క, నేను లోపలికి. ఏడేళ్ల బుడ్డోడికి అద్దాల అడుగున్న పడవ. వాడు రెండు రోజులు అలిగాడు. డైవ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకుండా ఉండడం మంచిది, అందుకే దాన్ని చివరిరోజు పెట్టకుండా రెండో రోజుకి జరిపా. మీరూ ప్యాకేజీ కొంటే ముందు ఇది చూడండి. చివరి రోజు డైవ్ పెట్టిన ఒక ప్యాకేజీ నాకూ వచ్చింది.

జనవరిలో అక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగుకల్లా అక్కడుండాలి. మొసళ్ల బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగకూడదు, పగడపు ముక్కలు తెచ్చుకోకూడదు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ మెరుగైందిగానీ, దీవుల్లో అన్నిచోట్లా ఫోన్‌పేని నమ్ముకోలేం. క్యాష్ ఉంచుకుంటున్నాం.

బారాటాంగ్ సున్నపురాతి గుహలు లిస్టులోంచి తీసేశాం. ఆ దారి జరావా తెగవాళ్ల అడవిలోంచి పోతుంది. బండ్లు గుంపుగా వెళ్లాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. "వాళ్లకి మనం రావడం ఇష్టమేనా మామా?" అంది మేనకోడలు. ఆ పూట హోటల్ దగ్గరే ఇసుకలో ఆడుకోవాలని నిర్ణయించాం.

విమానం టికెట్లు అయిపోయాయి. పిన్నికి విషయం చెప్తే భయపెడుతుందేమో అనుకున్నాం. ఆమె మాత్రం "నాక్కూడా ఒక సీసాలో ఆ ఉప్పునీళ్లు తేక్కా" అని అమ్మకి చెప్పింది. మొన్న అమ్మ నిమ్మకాయ ఊరగాయకి మూత గట్టిగా బిగిస్తూ, "ఆ ఫెర్రీ ఎంతసేపు?" అని అడిగింది. గంటన్నర అన్నా. "కిటికీలుంటాయా?" అంది. ఉంటాయన్నా. ఇంకేం మాట్లాడలేదు. ఫెర్రీ సీట్లు మాత్రం నేనింకా బుక్ చేయలేదు. కిటికీ పక్కన కావాలో, మధ్యలో కావాలో ఆమే చెప్పాలి.